ప్రణతికి చెప్పని మాట

పొద్దున ఏడు కాకముందే వెనక వీధిలో మరమగ్గాల సాంచాలు మొదలయ్యాయి. ముందు గదిలో మంచం మీద మమతారాణి కళ్లు మూసుకుని ఉంది గానీ నిద్రపోవడం లేదు. అత్త శంకరవ్వ వాకిట్లో సాన్పు చల్లడం, పొయ్యి మీద జావ కలపడం, భర్త సుధాకర్ స్నానం చేసి వచ్చి దండెం మీది చొక్కా దులపడం, అన్నీ చప్పుళ్లను బట్టే తెలుస్తున్నాయి. ఒక చప్పుడు మాత్రం లేదు. రోజూ ఈ వేళకు పదేళ్ల కూతురు ప్రణతి రిబ్బను దొరకలేదని ఇల్లంతా తిరిగేది. ఆ పిల్ల ఇంట్లో లేక ముప్ఫై నాలుగు రోజులైంది.

రెండేళ్ల కింద మమతకు గర్భసంచిలో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేశారు, హైదరాబాద్‌లో రేడియేషన్ కరెంటు పెట్టారు, కీమో ఎక్కించారు. ఏడాది పాటు బాగానే ఉంది. మిషను ముందు కూర్చుని మళ్లీ లంగాలు కుట్టడం కూడా మొదలుపెట్టింది. సరిగ్గా బతుకమ్మ పండుగ ముందర జ్వరం ముంచుకొచ్చింది. కరీంనగర్ ఆస్పత్రిలో పది రోజులు ఉండాల్సి వచ్చింది. అక్కడ తీసిన స్కానింగులో జబ్బు కాలేయమంతా పాకిందని కనబడింది. ఇక చేసే వైద్యం లేదని, ఇంటికి తీసుకుపోయి నొప్పి తెలియకుండా చూసుకోమని డాక్టర్ సుధాకర్‌కు చెప్పాడు. వార్డు తలుపు తెరిచే ఉంది. మమత విన్నది.

ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ముగ్గురిలో ఏ ఒక్కరూ మరొకరితో అనలేదు. జర తాకత్ వస్తే మళ్లీ హైదరాబాద్ పోదామంటాడు సుధాకర్. వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకున్నానంటుంది శంకరవ్వ. మమత అందరికీ సరేనంటుంది.

ప్రణతిని మాత్రం తల్లి ఆస్పత్రిలో చేరిన రోజే భైంసాలో ఉన్న మేనత్త పద్మలత ఇంటికి పంపేశారు. దసరా సెలవులే కదా అన్నారు. సెలవులు అయిపోయాయి. బడి తెరిచి మూడు వారాలైంది. పిల్ల రాలేదు.

"పొల్లను ఎప్పుడు తెస్తవ్?" అని అడిగింది మమత.

సుధాకర్ గుండీలు పెట్టుకుంటూ తల తిప్పలేదు. "తెస్త. పత్తి కాలం గద, బావకు జిన్నింగు మిల్లుల తీరుత లేదు. ఎవరు తోలుకరావాలె?"

"నువ్వు పో."

"సెలవు దొరకాలె."

"ఫోనన్న కలుపు."

"నీ గొంతు వింటే ఏడుస్తదట. అక్క వద్దన్నది. జర నిమ్మలం కానియ్యి."

ఈ మాట అతను అనడం అయిదోసారి. మమత ఎన్నిసార్లు ఫోన్ చేసినా పద్మలత ఎత్తడం లేదు. సుధాకర్ టిఫిను డబ్బా అందుకుని బయటికి నడిచాడు. అతను రెండు వీధుల అవతల ఒక ఆసామి దగ్గర ఎనిమిది సాంచాలు నడుపుతాడు. పొద్దున ఏడుకు పోతే మాపటికి ఏడుకు వస్తాడు. మధ్యాహ్నం మాత్రం మమత మంచాన పడ్డప్పటి నుంచి అన్నానికి ఇంటికే వస్తున్నాడు.

పదిన్నరకు గంగుబాయి వచ్చింది. వైద్యం లేదని ఇంటికి పంపిన రోగుల దగ్గరికి వారానికోసారి తిరిగే సర్కారు నర్సు ఆమె. సొంతూరు బోథ్. ఇంట్లో మరాఠీ మాట్లాడతారు కాబట్టి తెలుగు మాటలు ఒక్కొక్కటి ఏరి పెట్టినట్టు వస్తాయి. ఆమె మమత కళ్లు చూసింది. పాదాల మీద వేలితో నొక్కి, పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసింది. నొప్పి మాత్రలు పొద్దున ఒకటి పెంచమన్నది. శంకరవ్వ చాయ పెట్టడానికి వెనక్కి పోయింది.

"సిస్టర్, ఒకటడుగుత. అబద్ధం చెప్పకు," అన్నది మమత. "నాకింక ఎన్ని దినాలున్నయ్?"

గంగుబాయి సంచి మూయబోతూ ఆగింది. మంచం పట్టె మీద కూర్చుంది.

"ఆ లెక్క నాకు తెల్వది అక్కా. కానీ కండ్లు ఇంత తొందరగ పచ్చబడితే, నెలలు అనుకోవద్దు. వారాలు అనుకో."

మమత తల ఊపింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఇన్ని రోజులకు ఒక మనిషి తనతో తన గురించి మాట్లాడినట్టు అనిపించింది. కూతురి సంగతి చెప్పింది. అమ్మ హైదరాబాద్‌లో ఉందని, డాక్టర్లు ఫోన్ మాట్లాడొద్దన్నారని పిల్లకు చెప్పి పెట్టారని చెప్పింది.

గంగుబాయి ఇలాంటి ఇళ్లు చాలా చూసింది. పిల్లలను ఎక్కడికో పంపేస్తారని, అంతా అయిపోయాక తెచ్చి దండేసిన ఫోటో ముందు నిలబెడతారని చెప్పింది. "తర్వాత నేను ఆ గల్లీలకు పోతే పిల్లలు పట్టుకొని అడుగుతరు అక్కా. మా అమ్మ నన్ను అడిగిందా, అని. అదొక్కటే అడుగుతరు."

చాయ తాగి ఆమె వెళ్లిపోయింది. పన్నెండు గంటలకు పక్క వరుసలో ఉండే రోజారాణి సీతాఫలాలు పట్టుకుని వచ్చింది. మమత, ఆమె ఒకే సేటుకు లంగాలు కుట్టేవాళ్లు. ఆమె కూతురు తిరుమల, ప్రణతి ఒకే క్లాసు. రోజారాణి పండు ఒలిచి గింజలు తీసి గిన్నెలో వేస్తూ ఆ మాటా ఈ మాటా చెప్పింది. తిరుమల బడికి పోనని మారాం చేస్తోందట. ప్రణతి టీసీ తీసుకున్న దగ్గర్నుంచి బెంచీ మీద ఒక్కతే అయిపోయిందట.

మమత చెంచా గిన్నెలోనే వదిలేసింది. "టీసీ ఎప్పుడు తీసుకున్నరు?"

"పోయిన సోమవారం. సుధన్న వచ్చి సంతకం పెట్టిండని సారు అన్నడట." రోజారాణి మమత ముఖం చూసి ఆగిపోయింది. "నీకు ఎరుక లేదా?"

ఎరుక లేదని మమత అనలేదు. పండు తియ్యగా ఉందన్నది. రోజారాణి ఎక్కువసేపు కూర్చోలేకపోయింది.

ఒంటిగంటకు సుధాకర్ వచ్చి కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. శంకరవ్వ కంచంలో అన్నం పెట్టింది. గదికీ వంటింటికీ మధ్య తలుపు లేదు. మమత ఉన్నచోటి నుంచే అడిగింది.

"ప్రణతి టీసీ ఎందుకు తీసుకున్నవ్?"

అతని చెయ్యి అన్నంలో ఆగింది. ఎవరు చెప్పారని అడిగాడు. భైంసాలో మంచి బడి ఉందని, అక్క పిల్లలతో పాటే ఆటోలో పోయి వస్తుందని, చదువు పాడు కావద్దనే ఆ పని చేశానని తలొంచుకుని చెప్పుకుపోయాడు.

"ఎన్ని దినాలు?" అన్నది మమత. "పదో తరగతి దాంకనా, పెండ్లి దాంకనా?"

"నేను పొద్దున పోతే మాపటికొస్త. అవ్వకు కండ్లు సరిగ కనవడయి. ఆడపిల్లను ఎవరు చూస్తరు మమతా?"

"ఇయ్యాల నేనున్న గద ఇంట్ల. నేను పోయినంక సంగతా నువ్వు చెప్పేది?"

శంకరవ్వ గిన్నె దించి గబగబా వచ్చింది. "గసొంటి మాటలు నోట్లకెల్లి తియ్యకు బిడ్డా."

"తియ్యాలె అత్తమ్మా. ఎవరో ఒకరు తియ్యాలె." మమత గోడకు చేతులానించి లేచి కూర్చుంది. ఆ మాత్రానికే ఊపిరి అందలేదు. కాసేపు ఆగి అన్నది. "నేను సచ్చిపోతున్న. ఆయనకెరికే, నీకెరికే, నాకెరికే. నేను కండ్లు మూయకముందే మీరిద్దరు నా బిడ్డ సామాన్లు సదిరిండ్రు. నన్నొక్క మాట అడగలే."

సుధాకర్ లేచాడు. చెయ్యి కడుక్కోలేదు. గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నీకేం ఎరుక? మా బాపు గీ గదిలనే పోయిండు. అప్పుడు నాకు పదకొండేండ్లు. దగ్గితే నోట్లకెల్లి నెత్తురు పడేది. అన్నీ నేను చూసిన. ఇరవై ఏండ్లు, ఎవరు దగ్గినా నాకు కాళ్లు వణికినయ్. అది నా బిడ్డకు వద్దు. నువ్వు మంచిగున్నప్పటి ముఖమే దానికి యాదికుండాలె."

అంత మాట అని, కంచం అలాగే వదిలి బయటికి పోయాడు. శంకరవ్వ కోడలి వైపు చూడకుండా కంచం తీసింది.

మమత దిండు కింద నుంచి చిన్న అద్దం తీసుకుంది. కీమో తర్వాత మొలిచిన పొట్టి జుట్టు, పచ్చబడిన కళ్లు, పైకి లేచిన చెంపల ఎముకలు. సుధాకర్ అన్నది నిజమేనేమో అనిపించింది. బిడ్డ ఈ ముఖం చూసి భయపడితే? తన ఆశ కోసం పిల్లకు జీవితాంతం పోని భయం అంటగడుతున్నానా? అద్దం బోర్లించి పెట్టింది. తీసుకురమ్మని ఇక అడగకూడదనుకుంది. ఒక్కసారి గొంతు వింటే చాలుననుకుంది. శంకరవ్వ నీళ్ల పంపు దగ్గరికి పోయినప్పుడు అత్త బటన్ల ఫోన్ తీసుకుని పద్మలతకు కలిపింది.

తల్లి ఫోన్ అనుకుని పద్మలత వెంటనే ఎత్తింది. "చెప్పు అవ్వా."

"వదినా, నేను."

పద్మలత ఫోన్ పెట్టేయలేదు. పిల్లకు తెలియనివ్వనని, బడి నుంచి వచ్చాక అది మాట్లాడుతుంటే ఫోన్‌లో ఊరికే వింటానని, తాను నోరు మెదపనని మమత బతిమాలింది. పద్మలత ఏడుస్తోందని ఆమెకు కాసేపటికి అర్థమైంది.

"నాకు నిన్న ఎరికైంది మమతా. తమ్మికి ఎట్ల చెప్పాల్నో తెల్వక కూసున్న."

ప్రణతి వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో సబ్బులు నాలుగు రోజులకొకటి అరిగిపోతున్నాయట. పిల్లలు నీళ్లలో పడేస్తున్నారని పద్మలత అందరినీ కోప్పడింది. నిన్న చూస్తే ప్రణతి దొడ్లో నిలబడి మోచేతుల దాకా సబ్బు రాసి కడుగుతోంది. వేళ్ల సందుల్లో తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. ఎందుకే అంటే చాలాసేపు చెప్పలేదు. చివరికి చెప్పిందట. బతుకమ్మ అప్పుడు దానికి జలుబు చేసిందట. జలుబుతో అమ్మ పక్కలో పండుకుందట. తెల్లారి అమ్మకు జ్వరమొచ్చిందట. తానే అమ్మకు రోగం తెచ్చినందుకు ఇంట్లో నుంచి పంపేశారట. మంచిగా కడుక్కుంటే మళ్లీ రానిస్తారట.

మమత ఫోన్ పట్టుకున్న చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. అవతల పద్మలత పిలుస్తూనే ఉంది. మళ్లీ చెవికి ఆనించుకున్నప్పుడు ఆమె గొంతులో బతిమాలడం లేదు.

"రేపు పొద్దుగాల బస్సుకు తోలుకరా వదినా. ఎవ్వరిని అడగకు."

మర్నాడు పద్మలత నిర్మల్‌లో ఒకసారి, జగిత్యాలలో ఒకసారి బస్సు మారి, ప్రణతితో ఒంటిగంట దాటాక ఇంటి ముందు ఆటో దిగింది. సుధాకర్ అప్పుడే అన్నం తిని చెయ్యి తుడుచుకుంటున్నాడు. అక్కను చూశాడు. వెనకాల ముక్కుకు రుమాలు కట్టుకుని నిలబడ్డ కూతురిని చూశాడు. వాకిట్లోకి అడ్డంగా వచ్చాడు.

"నీకు చెప్పిన గద అక్కా. ఎందుకు తెచ్చినవ్?"

తల్లి పిలిచింది, తెచ్చానన్నది పద్మలత. ప్రణతిని రోజారాణి ఇంటికి పంపమని, తర్వాత మాట్లాడుకుందామని అతను అన్నాడు. పద్మలత పిల్ల చెయ్యి వదల్లేదు. తాను చూసింది బిడ్డ చూడకూడదని ఎన్నిసార్లు చెప్పాలని సుధాకర్ గొంతు పెంచాడు. పక్కింటివాళ్లు గోడ మీదుగా చూశారు.

"నేను చూడలేదా తమ్మీ?" అన్నది పద్మలత. "నేను గూడ గదే గదిల ఉన్న. నీకన్న నాలుగేండ్లు పెద్దదాన్ని. గిన్నె పట్టింది నేను, నెత్తురు కడిగింది నేను. నాకెందుకు కాళ్లు వణకలే?"

సుధాకర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నాకు బాపు చెప్పిండు. నేను పోతున్న బిడ్డా, తమ్మిని చూసుకో అన్నడు. బాపు మెడ పట్టుకొని ఏడ్చిన. నీకెవ్వరు చెప్పలే. రేపు బాపు లేస్తడు, నిన్ను అంగడికి తోలుకపోతడు అన్నరు. ఆ దినం పొద్దున నువ్వు తల దువ్వుకొని, చెప్పులు తొడుక్కొని గీ అరుగు మీద కూసున్నవ్. లోపట బాపు పోయిండు. అందరు ఏడుస్తుంటే నువ్వు చెప్పులు విడువక, అంగడికి ఎప్పుడు పోతం అని నన్నడిగినవ్. యాదికున్నదా?"

అతనికి యాదికుంది. ఇన్నేళ్లలో నెత్తురునే తలుచుకున్నాడు గానీ ఆ చెప్పుల సంగతి ఎవరితోనూ అనలేదు. అవి కొత్తవి. వేలికి కరిచేవి. దహనం నుంచి వచ్చే దాకా కాళ్లకే ఉన్నాయి. గడపలో నిలబడ్డ శంకరవ్వ పైట నోట్లో కుక్కుకుంది. కొడుకును కాపాడుకుంటున్నాననే ఆ రోజు ఆమె అనుకుంది.

వాళ్లు అలా నిలబడి ఉండగానే ప్రణతి మేనత్త చెయ్యి విడిపించుకుని గడప దాకా వచ్చింది. గడప దాటలేదు. లోపల మంచం మీద తల్లిని చూసింది. కళ్లు పెద్దవి చేసుకుని చాలాసేపు చూసింది.

"అమ్మా, హైదరాబాద్ కెల్లి ఎప్పుడొచ్చినవ్?"

మమత చెయ్యి చాచి దగ్గరికి రమ్మన్నది.

"వద్దు," అన్నది ప్రణతి. "నాకు మొన్న తుమ్ములొచ్చినయ్. నేనొస్తే నీకు మళ్ల జ్వరమొస్తది."

సుధాకర్ వెనక్కి తిరిగాడు. కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుని, రుమాలు కట్టిన ఆ ముఖాన్ని, తోలు లేచిన ఆ చేతులను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. "గట్లని ఎవరన్నరు బిడ్డా?"

పిల్ల ఒక్కసారి శంకరవ్వ వైపు చూసి, వెంటనే తల దించుకుంది. "బాపమ్మ అనలే. నాకే ఎరికే."

శంకరవ్వ గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. ఆస్పత్రికి ఆటో వచ్చిన పొద్దున, కోడలు జ్వరంతో కాలిపోతుంటే, ఏం చేయాలో తోచక ఆమె మనవరాలి మీద అరిచింది. జలుబుతో పక్కల పండుకొని తల్లికి అంటించినవ్ అన్నది. అన్న మాట అప్పుడే మరిచిపోయింది. పిల్ల మరిచిపోలేదు. పైగా ఇప్పుడు తనను కాస్తోంది.

"నేనే అన్న బిడ్డా," అన్నది శంకరవ్వ. "తప్పన్న. నీతోటి ఏం కాలే. పరేషాన్ల నోటికొచ్చింది అన్న. నువ్వేం చెయ్యలే నా తల్లి."

ప్రణతి నమ్మినట్టు కనబడలేదు. తల్లి వైపు చూసింది. మమత మాటలు కూడదీసుకుంది. తనకు వచ్చింది జలుబు కాదని చెప్పింది. క్యాన్సర్ అని పేరు పెట్టే చెప్పింది. అది కడుపులో పుట్టిందని, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదని, పక్కలో పండుకుంటే వచ్చేది కాదని చెప్పింది. ఆ జ్వరం కూడా ఆ రోగం వల్ల వచ్చిందే తప్ప ఎవరి తుమ్ముల వల్లా కాదన్నది.

"మందులేసుకుంటే పోతదా?" అని అడిగింది పిల్ల.

మమత నోరు తెరిచింది. భర్త వైపు చూసింది. సుధాకర్ ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు. కూతురి రెండు చేతులు తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"పోదు బిడ్డా. డాక్టర్లు చాతనైనంత చేసిండ్రు. ఇగ మందు లేదు. అమ్మ సచ్చిపోతది."

వెనకాల పద్మలత ముక్కు చీదింది. ప్రణతి ఏడవలేదు. తండ్రి ముఖంలోకి చూస్తూ ఆలోచించింది.

"ఎప్పుడు?"

"నాకు తెల్వది. తొందర్లనే."

"ఇయ్యాలనా?"

"ఇయ్యాల కాదు."

"మరి నేను ఇయ్యాల ఈడనే ఉంటనా?"

"ఉంటవ్. ఈడనే ఉంటవ్. ఇగ యాడికి పంప."

ప్రణతి రుమాలు విప్పేసింది. గడప దాటి మంచం దగ్గరికి పోయి, ఎక్కడ ముట్టుకుంటే నొప్పి పుడుతుందో తెలియక తల్లి దుప్పటి అంచు పట్టుకుని నిలబడింది. మమత ఆమెను పక్కలోకి లాక్కుంది. అప్పుడు ఏడ్చింది పిల్ల. నన్నెందుకు పిలవలేదని కోపంగా, ఎక్కిళ్ల మధ్య అడిగింది. రోజూ పిలిచానని చెప్పింది మమత. కావాలంటే బాపును అడగమన్నది. సుధాకర్ గడప మీద కూర్చుని, అవును, రోజూ పిలిచిందని, తానే తేలేదని ఒప్పుకున్నాడు. చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. ఆ రోజు అతను మళ్లీ సాంచాల దగ్గరికి పోలేదు.

ఆ తర్వాతి రోజులు తేలిగ్గా గడవలేదు. సుధాకర్ బడికి పోయి టీసీ వాపస్ ఇచ్చి పేరు మళ్లీ ఎక్కించాడు. ఆసామితో మాట్లాడి ఒంటిపూట పనికి మారాడు. ప్రణతి ఒకరోజు తల్లి ఒళ్లోంచి కదిలేది కాదు, ఒకరోజు ఆ గదిలోకే రానని మొండికేసేది. ఒకసారి నొప్పి పట్టలేక మమత గట్టిగా అరిస్తే, భయపడి రోజారాణి ఇంటికి పరుగెత్తి సాయంత్రం దాకా రాలేదు. ఇంకోసారి అందరి అమ్మలూ మంచిగుంటే నాకే ఎందుకు ఇట్లా అని కంచం విసిరికొట్టింది. శంకరవ్వ కోప్పడలేదు. మెతుకులు ఏరి, పక్కన కూర్చుని, నాకూ ఆ కోపమే ఉందన్నది.

ఓపిక ఉన్నప్పుడు మమత కూతురితో మాట్లాడేది. పెద్దమనిషి అయినప్పుడు సిగ్గుపడకుండా పద్మలత అత్తమ్మకు ఫోన్ చేయమని చెప్పింది. బాపు ఎక్కువ మాట్లాడడని, కోపం ఉండి కాదని, ఆయనను నువ్వే పలకరించాలని చెప్పింది. తనను తలుచుకున్నప్పుడు నవ్వొస్తే నవ్వొచ్చని, అది తప్పేం కాదని కూడా చెప్పింది. గంగుబాయి వచ్చినప్పుడు ప్రణతి ఆమె పక్కనే నిలబడి అన్నీ అడిగేది. వాచిన కాళ్లకు నూనె ఎలా రాయాలో గంగుబాయి ఆ పిల్లకే నేర్పింది. గట్టిగా నొక్కితే నొప్పి పుడుతుంది, వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి, దూదితో తుడిచినట్టు మెల్లగా రాయాలన్నది. బడి నుంచి రాగానే ప్రణతి చేసే మొదటి పని అదే అయింది. మమత కళ్లు మూసుకుని, కూతురు క్లాసు సంగతులు చెబుతుంటే వినేది. జవాబిచ్చే ఓపిక పోయాక కూడా పిల్ల చెప్పడం మానలేదు.

ప్రణతి ఇంటికి వచ్చిన పందొమ్మిదో రోజు, గురువారం పొద్దున ఎనిమిదింటికి ప్రణతి బడి బట్టలు వేసుకుంటుండగా సుధాకర్ పిలిచాడు.

"ప్రణతీ, రా బిడ్డా. అమ్మకు ఊపిరి మారింది. పక్కల కూసో."

పిల్ల వచ్చి కూర్చుంది. ఒక పక్క తండ్రి, ఒక పక్క శంకరవ్వ. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ పోయింది. భయమైతే బయటికి పోవచ్చని సుధాకర్ అన్నాడు. ప్రణతి తల అడ్డంగా ఊపి తల్లి చెయ్యి పట్టుకుంది. ఇంకో ఊపిరి వస్తుందని ముగ్గురూ ఎదురుచూశారు. అది రాలేదు.

పదింటికల్లా ఇల్లు చుట్టాలతో నిండింది. ముత్తైదువగా పోయింది కాబట్టి పసుపు రాసి, బొట్టు పెట్టి సాగనంపాలని పెద్దవాళ్లు అనుకుంటున్నారు. సుధాకర్ మేనమామ సాంబయ్య ప్రణతిని చూసి, పసిపిల్ల ఇక్కడేం చేస్తోందని, జడుసుకుంటుందని, ఎవరైనా పక్కింటికి తీసుకుపొమ్మని అన్నాడు. ఇద్దరు ఆడవాళ్లు లేచి పిల్ల భుజం మీద చెయ్యి వేశారు.

శంకరవ్వ లేచింది. అన్నదమ్ములకు ఎదురు చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

"దాన్ని ఎవ్వరు కదపకుండ్రి," అన్నది. "దాని తల్లి అది. ఈడనే ఉంటది."

ఆ ఆడవాళ్లు చేతులు తీశారు. సాంబయ్య ఏదో అనబోయి, సుధాకర్ ముఖం చూసి ఊరుకున్నాడు. శంకరవ్వ పసుపు కలిపిన గిన్నె తెచ్చి మనవరాలి చేతుల్లో పెట్టింది. అమ్మ కాళ్లకు రాయమన్నది. ప్రణతి కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, గిన్నెలో వేళ్లు ముంచి ఆగింది.

"ఇప్పుడు అమ్మకు నొప్పి లేదు గద బాపమ్మా?"

"లేదు బిడ్డా. ఇగ ఏ నొప్పి లేదు."

"గట్టిగ రాసినా ఏం కాదా?"

"ఏం కాదు."

ప్రణతి కాసేపు ఆలోచించింది. తర్వాత రోజూ రాసినట్టే, వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి, మెల్లగా రాసింది.